ఒడిలో రాళ్ళు

  క్రిందటిసారి వీసా కాగితాల గురించి చెప్పి మీ అందరికీ బాగా నిద్ర పట్టించానని మా ఆవిడ అంది. అందుకని ఈసారి షికారు కబుర్లు చెప్దామని వచ్చాను. తీరా రాసుకుంటూ కూర్చుంటే ఇది షికారు దగ్గర ఆగలేదు. ఎక్కడికి పోయిందో మీరే చూడండి.

ఏప్రిల్‌లో మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది, మూడు నెలలు ఉందామని. సియోల్‌లో రాజభవనాలు చూపించాం, టవర్ ఎక్కించాం, మార్కెట్లు తిప్పాం. రెండు వారాలకే అమ్మ, "ఒరే, మేడలు చాల్లేరా, కాస్త నీళ్ళూ గట్టూ ఉన్నచోటికి తీసుకెళ్ళు" అంది. అప్పుడు గుర్తొచ్చింది హేంగ్జు. సియోల్‌కి వాయవ్యం వైపు, గోయాంగ్ నగరంలో హాన్ నది ఒడ్డున ఉన్న పాత కోట. కోట కింద నది పక్కనే హేంగ్జు కోట చరిత్ర పార్కు.

మా పాప నాలుగో తరగతి, ఇక్కడి కొరియన్ బడిలోనే. ఈ దేశంలో ఒక మంచి పద్ధతి ఉంది, పిల్లలున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే బడి ఉన్న రోజున కూడా పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, హాజరు పోదు. కాకపోతే తిరిగొచ్చాక ఏం చూశారు, ఏం నేర్చుకున్నారు అని ఒక రిపోర్టు రాసివ్వాలి. సరే, శుక్రవారానికి దరఖాస్తు పెట్టాం. ఆ రిపోర్టే తర్వాత మా ఇంట్లో పెద్ద గొడవ తెచ్చిపెట్టింది.

ముందు కోట సంగతి చెప్తాను. కోట అనగానే మనకి గోల్కొండ గుర్తొస్తుంది కదా. ఇక్కడ అలాంటి బురుజులూ, దర్వాజాలూ ఏమీ లేవు. టొగ్యాంగ్ అనే చిన్న కొండ, ఎత్తు 125 మీటర్లు కూడా ఉండదు. దాని చుట్టూ మట్టితో పోసిన గోడ, ఇప్పుడు గడ్డి మొలిచిన గట్టులాగ కనిపిస్తుంది. తెలియనివాళ్ళు చెరువు గట్టు అనుకుని నడిచిపోతారు. మా అమ్మ అలాగే అనుకుంది. ఒక పక్క హాన్ నది, ఆ వైపు కొండ నిటారుగా దిగిపోతుంది. రెండో పక్క ఏటవాలు. శత్రువు వస్తే అటునుంచే రావాలి.

1593లో అటునుంచే వచ్చారు. అంతకు ముందు ఏడాది, 1592లో, జపాన్‌ని ఏలుతున్న హిదెయోషి సైన్యాలు కొరియా మీద పడ్డాయి. మూడు వారాలు తిరక్కుండానే సియోల్ పోయింది. రాజుగారు ఉత్తరానికి పారిపోయారు. చైనా మింగ్ చక్రవర్తి సాయంగా సైన్యం పంపాడు. ఆ సైన్యం ప్యోంగ్యాంగ్‌ని తిరిగి తీసుకుంది గానీ, సియోల్‌కి దగ్గర్లో ప్యోక్జేగ్వాన్ దగ్గర దెబ్బతిని వెనక్కి పోయింది. సరిగ్గా ఆ సమయానికి క్వోన్ యుల్ అనే సేనాని ఈ చిన్న కొండ మీద కూర్చుని ఉన్నాడు. కొరియన్ల లెక్క ప్రకారం ఆయన దగ్గర సుమారు 2,300 మంది. ఎదురుగా వచ్చినవాళ్ళు 30,000.

ఈ క్వోన్ యుల్ సంగతి నాలాంటివాళ్ళకి ధైర్యం చెప్పేట్టుంటుంది. ఆయన పుట్టుకతో సైనికుడేం కాదు. పరీక్ష పాసై ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన గుమాస్తా రకం మనిషి. ఆ పాసవ్వడం కూడా 1582లో, నలభై ఐదేళ్ళు దాటాక. ఆ తర్వాత పదకొండేళ్ళకి ఈ కొండ.

చాంద్రమానం ప్రకారం రెండో నెల 12వ తేదీ, మన లెక్కలో మార్చి 14, తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. జపాన్ వాళ్ళు జట్లు జట్లుగా తొమ్మిదిసార్లు కొండ ఎక్కడానికి చూశారని చెప్తారు. కొండ మీదవాళ్ళ దగ్గర హ్వాఛా అనే బండ్లు ఉన్నాయి. ప్యోన్ ఇ-జుంగ్ అనే ఆయన తయారు చేయించిన బండి మీద అయితే నలభై చిన్న తుపాకీ గొట్టాలు వరసగా బిగించి ఉంటాయి. కొండమీద ఉన్న చిన్న ప్రదర్శనశాలలో ఇలాంటి ఆయుధాల నమూనాలు పెట్టారు. ఛోయంగ్ అనే బౌద్ధ సన్యాసి తన శిష్యులతో వచ్చి ఒక పక్క కాపు కాశాడు. మధ్యాహ్నం దాటేసరికి బాణాలు అయిపోవచ్చాయి. అప్పుడు రాళ్ళు రువ్వారు. ఇంతలో హాన్ నది మీద పడవల్లో బాణాలు వచ్చాయి. సాయంత్రానికి జపాన్ సైన్యం వెనక్కి తిరిగింది. వాళ్ళ పెద్ద సేనాని ఉకితా హిదేయిఏ కూడా గాయపడ్డాడు.

ఇక అసలు కథ. గేటు దాటి లోపలికి వెళ్ళగానే క్వోన్ యుల్ పెద్ద విగ్రహం ఉంటుంది. దాని వెనకాల గోడ మీద చెక్కిన బొమ్మలు, సైనికులవి, ఊళ్ళ నుంచి వచ్చిన దళాలవి, సన్యాసులవి, చివర్లో ఆడవాళ్ళవి. ఆ ఆడవాళ్ళు తమ పొడుగు పరికిణీల మీద ఇంకో గుడ్డ కట్టుకుని, దాన్నిండా రాళ్ళు మోసుకొస్తుంటారు. కొరియాలో వంటింట్లో నడుముకి కట్టుకునే గుడ్డని హేంగ్జు చిమా అంటారు. చిమా అంటే పరికిణీ. ఆ రోజు హేంగ్జు ఆడవాళ్ళు అలా రాళ్ళు మోశారు కాబట్టే ఆ గుడ్డకి హేంగ్జు చిమా అని పేరొచ్చిందని కథ. ఎవర్నడిగినా ఇదే చెప్తారు. నేనూ మా పాపకి ఇదే చెప్పాను, కాస్త చేతులు ఊపుతూ, గొంతు పెంచి మరీ. పాప కళ్ళు ఇంతింత చేసుకుని విని, వెంటనే తన నోట్‌బుక్‌లో గుడ్డ బొమ్మ వేసుకుంది.

మా అమ్మ మాత్రం ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆవిడకి కొరియన్ రాదు, నేను చెప్పిన కథ సగమే విన్నది. "ఏటిరా ఇది, మన ఒడే కదరా" అంది. వెంటనే చీర కొంగు తీసి నడుముకి చుట్టి, ముందు వైపు సంచిలాగ చేసి చూపించింది, అక్కడే, కొరియన్ బడిపిల్లలందరి ముందూ. "పెసరకాయ కోసినా, పత్తి తీసినా ఇలాగే కదా ఒడి కట్టుకునేది. నిండా పడితే ఎంత బరువనుకున్నావు. నడుం ముందుకి లాగేస్తాది. అందుకే చూడు, ఈ మనిషి వెనక్కి వాలి నడుస్తోంది. బొమ్మ చెక్కినోడు చూసి చెక్కాడు" అంది. నేను అప్పటిదాకా ఆ బొమ్మలో నడక గమనించనే లేదు.

కొండ పైకి వెళ్తే చిన్న మండపంలో పాత శిలాశాసనం ఉంది. 1602లో, అంటే క్వోన్ యుల్ పోయిన మూడేళ్ళకి పెట్టింది. మాటలు ఛ్వే రిప్ రాశాడు, అక్షరాలు దిద్దింది హాన్ సొక్-బోంగ్. ఈ రెండో పేరు వినగానే మా పాప గెంతింది. కొరియాలో పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటుంది. చదువు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చిన కొడుకుని తల్లి దీపం ఆర్పేసి రాయమంటుంది, తను ఆ చీకట్లోనే బియ్యప్పిండి రొట్టెలు కోస్తుంది. దీపం వెలిగించి చూస్తే రొట్టెలన్నీ సమానంగా ఉంటాయి, అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. ఆ కొడుకే ఈ హాన్ సొక్-బోంగ్. నాలుగు వందల ఏళ్ళ గాలీ వానా తిని ఇప్పుడు ఆ రాతి మీద అక్షరాలు చాలామటుకు అరిగిపోయాయి.

అక్కణ్ణుంచి కిందికి దిగి నది ఒడ్డు పార్కుకి వెళ్ళాం. కోట గేటు నుంచి తీరిగ్గా నడిచినా పావుగంట. పెద్ద గడ్డి మైదానం, నది మీదికి చూసే చెక్క అరుగు, పక్కనే సైకిళ్ళ దారి. ఎదురుగా వంతెనలు, వంతెనల కింద వెడల్పాటి నది. కోట పాదంలో ఉన్న ఈ నీళ్ళకి పూర్వం హేంగ్హో అని పేరు, అంటే హేంగ్జు సరస్సు అని. అంత నిమ్మళంగా, వెడల్పుగా ఉంటుంది మరి. 1740 ప్రాంతంలో చోంగ్ సన్ అనే గొప్ప చిత్రకారుడు అవతలి ఒడ్డున అధికారిగా పనిచేస్తూ, ఇక్కడ పడవలు చేపలు పడుతున్న దృశ్యాన్ని బొమ్మగా వేశాడు. వాళ్ళు పట్టేది ఉంగో అనే చేప. వసంతంలో సముద్రం నుంచి నదికి ఎదురీది వస్తుంది. అచ్చం మన గోదారి పులస లాగే అన్నమాట. రాజుగారి వంటశాలకి దాన్ని పంపడానికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ కచేరీయే ఉండేదట. ఈ రోజుకీ వసంతంలో ఇక్కడి హోటళ్ళలో ఉంగో దొరుకుతుంది. అమ్మ ఆ పచ్చి చేప ముక్కల్ని చూసి, "పులుసు పెట్టకుండా ఇదేం తిండిరా" అని మొహం తిప్పేసుకుంది.

ఇంకొకటి చెప్పాలి. ఈ ఒడ్డున మనం ఇప్పుడు హాయిగా దుప్పటి పరుచుకుని కూర్చుంటున్నాం గానీ, దశాబ్దాల పాటు ఇక్కడ సైన్యం ముళ్ళకంచె ఉండేది. హాన్ నది కిందికి పోయి ఇమ్జిన్ నదితో కలుస్తుంది. ఆ కలిసిన చోట అవతలి ఒడ్డు ఉత్తర కొరియా. నది దారిన ఎవరైనా చొరబడతారని భయం. నది ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకి నదిని కంచె సందుల్లోంచి చూడ్డమే. కంచెని కొన్ని చోట్ల 2010ల నుంచి తీస్తూ వచ్చారు. 1593లో ఈ నది మీదే పడవల్లో బాణాలొచ్చి కొండ నిలిచింది. ఆ తర్వాత అదే నదిని చూసి భయపడాల్సిన రోజులొచ్చాయి. ఇది అమ్మకి చెప్తే, "నీళ్ళేం చేశాయి పాపం" అంది.

గడ్డిలో కూర్చుని పులిహోర తింటుంటే పాప అడిగింది, "నానమ్మా, మన ఊళ్ళో కూడా ఇలాంటి కోట ఉందా?" అని. మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఇంకేముంది, అమ్మ మొదలుపెట్టింది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు, రంగారాయుడు, కోటలో ఆడవాళ్ళు, తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరడం. చిన్నప్పుడు బుర్రకథలో విన్నది విన్నట్టుగా, అక్కడక్కడ తందాన తాన కూడా వేస్తూ. పక్కన సైకిళ్ళు ఆపుకున్న ఇద్దరు కొరియన్ కుర్రాళ్ళు మాట అర్థం కాకపోయినా నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ఆదివారం రాత్రికల్లా పాప రిపోర్టు పూర్తి చేసింది. మధ్యలో పెద్ద రంగుల బొమ్మ, నడుముకి గుడ్డ కట్టుకున్న ఆవిడ, గుడ్డ నిండా రాళ్ళు. కింద రాసింది: ఈ యుద్ధం వల్లే ఈ గుడ్డకి ఈ పేరొచ్చింది, మా నాన్న చెప్పాడు.

సోమవారం ఆఫీసులో భోజనాల దగ్గర నేను గొప్పగా ఈ కథ చెప్పాను. మా టీములో ఒక పెద్దాయన ఉన్నారు, పాత పుస్తకాలంటే ఇష్టం. ఆయన నవ్వి, "కథ బావుంటుంది గానీ, ఆ మాట యుద్ధం కంటే పాతది" అన్నారు. ఛ్వే సే-జిన్ అనే పండితుడు 1527లో పిల్లలకి చైనా అక్షరాలు నేర్పడానికి హున్మోంగ్ జహ్వే అని ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ గుడ్డ పేరు పాత ఉచ్చారణలో ఉంది. యుద్ధానికి 66 ఏళ్ళ ముందు. కొరియన్‌లో హేంగ్జు అంటే గిన్నెలు తుడుచుకునే గుడ్డ, మన మసిగుడ్డ. ఊరి పేరూ, మసిగుడ్డ పేరూ ఒకేలా వినబడతాయి. అలా జనం రెండూ కలిపేసుకున్నారు. రాళ్ళు రువ్వారన్నది చరిత్రలో ఉన్నదే. ఆడవాళ్ళు గుడ్డల్లో మోశారన్నది నోటి మాటగా వచ్చిన కథ.

ఆ సాయంత్రం సబ్‌వేలో ఇంటికొస్తూ నేను అనుకున్నది నిజాయితీగా చెప్తున్నాను. ఎందుకొచ్చిన గొడవ, వదిలేద్దాం అనుకున్నాను. అందరూ చెప్పే కథే కదా, టీచరు కూడా ఇదే నమ్ముతూ ఉండొచ్చు. పాప అంత కష్టపడి బొమ్మ వేసుకుంది. పైగా పరాయి దేశం బడిలో మన పిల్ల వాళ్ళ కథని తప్పు అనడం బావుంటుందా? ఇదంతా లెక్కేసుకున్నాను. కానీ ఆ రిపోర్టులో "మా నాన్న చెప్పాడు" అని ఉంది. అది ఒక్కటే మింగుడుపడలేదు.

ఇంటికెళ్ళి చెప్పేశాను. పాప మొహం ఎర్రబడిపోయింది. "అయితే నువ్వు నాకు అబద్ధం చెప్పావా?" అంది. నాకు తెలియక చెప్పాను అన్నాను. "తెలియకపోతే తెలియదని చెప్పాలి కదా, నువ్వే కదా నాకు అలా చెప్తావు" అంది. జవాబేముంది? మా ఆవిడ నా వైపు చూసి, "ఇంకా చెప్పండి చేతులు ఊపుతూ" అంది. పాప రిపోర్టు చింపబోతే అమ్మ పట్టుకుంది.

"బొమ్మ ఎందుకు చింపుతావే? పేరు ముందుదైతే గుడ్డ కూడా ముందుదే కదా. ఆ రోజు ఆడవాళ్ళ నడుముకి ఆ గుడ్డ ఉన్నట్టే కదా" అంది అమ్మ. "పైన రాళ్ళు కావాలంటే ఎవరు మోస్తారు? మగవాళ్ళందరి చేతుల్లో బాణాలున్నాయి. మాకు ఎవరైనా చెప్పి ఒడి కట్టుకున్నామా? పనుంటే కట్టుకుంటాం. రాసినోళ్ళు రాయకపోతే మోయలేదనా?"

చదువుకోని మా అమ్మ అన్న ఆ మాటలో ఎంత ఉందో నాకు మెల్లిగా తెలిసింది. ఆవిడ చెప్పింది సాక్ష్యం కాదు, నిజమే. వాళ్ళు మోశారని దానివల్ల రుజువు కాదు. కానీ ఆ కథ ఎందుకు పుట్టిందో, ఇన్నేళ్ళు ఎందుకు చావలేదో అందులో ఉంది. శాసనం సేనాని కోసం చెక్కారు. ఆయన పేరు రాయి మీద నిలిచింది. పేర్లు లేనివాళ్ళని గుర్తుపెట్టుకోవడానికి జనానికి రాయి దొరకలేదు, రోజూ వాడే మాట ఒకటి దొరికింది. దానికి తగిలించుకున్నారు. మాట పుట్టుక తప్పే కావచ్చు, ఆ గుర్తు పెట్టుకోవాలన్న కోరిక తప్పు కాదు.

పాప కాసేపు ఆలోచించి, బొమ్మ అలాగే ఉంచి కింది వాక్యం కొట్టేసింది. కొత్తగా ఇలా రాసింది, మీకు తెలుగులో చెప్తున్నాను: "ఇక్కడ ఆడవాళ్ళు గుడ్డల్లో రాళ్ళు మోశారని చెప్తారు. గుడ్డ పేరు మాత్రం యుద్ధం కంటే పాతది, 1527 పుస్తకంలో ఉంది. మా నానమ్మ కూడా ఇలాగే కాయలు మోసింది. నిండితే చాలా బరువుగా ఉంటుందట." టీచరు ఆ నానమ్మ వాక్యం పక్కన నక్షత్రం పెట్టి పంపింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నక్షత్రం చూపించిన రోజు రాత్రే పాప అడిగింది, "నాన్నా, మరి బొబ్బిలి కథలో ఏది రాసి ఉంది, ఏది చెప్పుకునేది?"

నాకు తెలియదు అన్నాను. ఈసారి వెంటనే అన్నాను. నాకు బొబ్బిలి యుద్ధం అంటే అమ్మ చెప్పిన కథ, 1964లో వచ్చిన సినిమా, 1986లో వచ్చిన ఇంకో సినిమా. అంతే. ఆ ఊరి పక్కన పుట్టి, మాస్టర్స్ చదివి, మూడు దేశాలు తిరిగి, పరాయివాళ్ళ కోట గురించి తొమ్మిది దాడులూ లెక్కపెట్టి చెప్పగలిగినవాణ్ణి, మా కోట దగ్గరికొచ్చేసరికి సినిమా పాటలు తప్ప ఏమీ లేవు. సిగ్గేసింది.

అప్పట్నుంచి కొంచెం చదువుతున్నాను. ఆ యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఆ శతాబ్దంలోనే దాని గురించి రాశాడు. కోట కూలాక ఒక ముసలాయన రాజుగారి చిన్నబిడ్డని బయటికి తీసుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించిన సంగతి అందులో ఉంది. అమ్మకి చదివి వినిపిస్తే, "ఆ ముసలోడి పేరు రాశాడా?" అని అడిగింది.

పాపా నేనూ కలిసి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాం. పేజీకి మధ్యలో గీత. ఎడమ పక్క రాసి ఉన్నవి, కుడి పక్క చెప్పుకునేవి. కుడి పక్క అమ్మ చెప్పిందే నింపుతున్నాం, ఆవిడ ఉన్నన్నాళ్ళలో ఎంత వీలైతే అంత. ఎడమ పక్క నా పని. గీతకి ఏ పక్కదీ ఇంకో పక్కకి చెప్పకుండా జరపకూడదని పాప రూలు పెట్టింది.

మీలోనూ చాలామంది ఇళ్ళకి ఈ వేసవికి అమ్మలో, అత్తగార్లో వస్తారు. వాళ్ళకి టవర్లు చూపించండి, తప్పకుండా. ఒక్క రోజు మాత్రం ఏదైనా పాత చోటికి తీసుకెళ్ళి, వాళ్ళనే మాట్లాడనివ్వండి. మనకి కనపడనిది వాళ్ళకి కనపడుతుంది.

వెళ్ళాలనుకున్నవాళ్ళకి రెండు మాటలు. నుంగ్గోక్ స్టేషన్ దగ్గర దిగితే అక్కణ్ణుంచి టాక్సీలో దగ్గరే. సోమవారం కోటకి సెలవు. పైకి ఎక్కడం పెద్దవాళ్ళకి కూడా కష్టం కాదు, దారి బావుంది, మధ్యలో కూర్చోవచ్చు. కింద నూడుల్స్ హోటళ్ళకి మంచి పేరుంది, సైకిళ్ళవాళ్ళంతా అక్కడే తింటారు. కానీ శాకాహారులు జాగ్రత్త, ఆ చారు ఎండు చేపలతో కాచింది. మా లాగా పులిహోర కట్టుకెళ్ళండి.